నడక మంట

గార్డు అటవీ శాఖ ఉద్యోగంలో చేరిన రోజున పెద్దమ్మ అతని కొత్త ఖాకీ చొక్కా అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"గంజి వాసన తప్ప ఏం లేదురా దీనికి. పోనీలే, నాలుగు రోజులు కొండెక్కితే పొగ వాసన అదే పడుతుంది," అంది.

ఇంట్లో అందరూ నవ్వారు. ఆవిడ దగ్గర ఏ పూట చూసినా పొగ వాసనే. బట్టల అంచుల నిండా బూడిద మరకలే. అందుకే కింది వీధివాళ్లు ఆవిడకు బూడిదమ్మ అని పేరు పెట్టారు. చాటున అనుకునే పేరే అయినా, మొహం మీద పిలిచినా పలికేది.

గార్డుకు పాకే వయసులోనే తల్లి పోయింది. తల్లికి అక్క అయిన ఈ పెద్దమ్మే అతన్ని పెంచి పెద్ద చేసింది. ఆవిడకు పిల్లల్లేరు. ఆ కొండ మీద మొదటినుంచీ ఉన్నది వాళ్లవాళ్లే. కింది వీధి, దాని వెనక రోడ్డు, రోడ్డు పొడుగునా వర్క్‌షాపులు అన్నీ తరవాత వచ్చినవి. అడవి సర్కారుదయ్యాక వాళ్లు దిగివచ్చి కొండ అడుగున ఇళ్లు కట్టుకున్నారు. కొండ దిగినా ఒక్క పని మాత్రం వదల్లేదు. అది ఆడవాళ్ల పని.

వానలు వెనకబడి, గడ్డి చివర్లు పసుపు తిరిగి, మొదళ్లలో మాత్రం ఇంకా తడి ఉండే రోజులు ఏడాదికి ఓ ఇరవై వస్తాయి. వాటి కోసం ఆ ఆడవాళ్లు కాచుకుని ఉండేవారు. పొద్దున్నే, మంచు ఆరీ ఆరకుండా ఉండగా కొండెక్కేవారు. పెద్దమ్మ ఒక గడ్డిపరక తుంచి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. చిటుక్కుమందా, ఇక ఆ వైపు ఆ ఏడాదికి లేదని తిరిగి వచ్చేసేది. వంగి, కాస్త సాగి, అప్పుడు తెగితే సరైన రోజు. చేతి వెనక భాగం నేలకు ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. అప్పుడు ముట్టించేది, వాలు పైనుంచి, గాలికి ఎదురుగా. కిందినుంచి ముట్టిస్తే మంటకు కాళ్లొస్తాయి. పైనుంచైతే ఒక్కో పరకనే కొరుక్కుంటూ, తడుముకుంటూ దిగుతుంది. దాన్ని వాళ్లు నడక మంట అనేవారు. రెండోదాన్ని పరుగు మంట అనేవారు గానీ, దాని పేరు ఎత్తేటప్పుడు గొంతు తగ్గించేవారు.

నడక మంట మోకాలి దాకా కూడా రాదు. దాని పక్కన నడుస్తూ కోడళ్ల మీద చాడీలు చెప్పుకోవచ్చు, చెప్పుకునేవారు కూడా. ఒక గదంత మేర కాలాక తడి తగిలి దానంతటదే ఆరిపోయేది. ఆరకపోతే తడిపిన గోనెసంచితో నాలుగు దెబ్బలు వేసేవారు. ఈ ఏడు కాల్చిన ముక్క పక్కన పోయినేడు కాల్చింది, దాని పక్కన అంతకు ముందటేడుది. పిట్టలు గుడ్లు పెట్టే చోట్లు వదిలేసేవారు. దూరం నుంచి చూస్తే కొండంతా అతుకుల దుప్పటి కప్పుకున్నట్టు ఉండేది. ఎండాకాలంలో ఎక్కడైనా నిప్పు పడినా, రెండు ముక్కలు దాటేసరికి తినడానికేమీ దొరక్క చచ్చేది. ఏ ముక్క ఏ ఏడు కాల్చారో ఎవరూ రాసిపెట్టుకోలేదు. నాలుగు కుటుంబాల ఆడవాళ్ల నోట ఉండేది అంతే.

గార్డు కూడా పదేళ్లు వచ్చేదాకా పెద్దమ్మ వెనక తిరిగాడు. తరవాత హాస్టల్లో చదువుకోవడానికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి అతను ఖాకీలో ఉన్నాడు, అదే కొండ అతను కాపలా కాసే బీటు అయింది.

మొదటి ఆరేళ్లూ చూసీ చూడనట్టు గడిపేశాడు. ఆ ఇరవై రోజులూ అతనికి బీటు అవతలి కొసనే పని పడేది. డైరీలో "కొండపై దట్టమైన మంచు" అని రాసేవాడు. పాత రేంజరు అది చదివి, "మీ బీటులో మంచుకు దగ్గు కూడా వస్తుందేమయ్యా?" అని నవ్వి సంతకం పెట్టేసేవాడు.

ఆయన బదిలీ అయ్యాడు. కొత్త రేంజరు చెడ్డవాడేమీ కాదు, పని మనిషి. వచ్చిన వారంలోనే ఆఫీసు గోడకు పెద్ద పటం తగిలించాడు. ఎక్కడ నిప్పు కనబడితే అక్కడ ఎర్ర తల గుండుసూది. సూది లేని బీటుకు ప్రశంసాపత్రం, సూది గుచ్చుకున్న బీటు గార్డుకు సంజాయిషీ నోటీసు.

పటం తగిలించిన నెలకే వడ్రంగి ఫిర్యాదు వచ్చింది. కింది వీధి చివర, సరిగ్గా కొండవాలు అడుగున, ఆఖరి కట్టడం ఆయన వర్క్‌షాపు. పాలిష్ పెట్టిన బీరువా తలుపులు బయట ఆరబెడితే మసి వచ్చి వాలుతోందని కాగితం మీద పెట్టాడు. ఆయనకూ పెద్దమ్మకూ ఏటా ఇదే తగువు.

"బూడిదమ్మా! నా బీరువాలకి నీ మసి పాలిష్ ఎవడడిగాడు?" అని ఆయన గుమ్మంలోంచి అరిచేవాడు.

"ముందు మొహం తుడుచుకో వడ్రంగీ, బీరువా తరవాత!" అని ఆవిడ పైనుంచి అనేది. సాయంత్రం కాలు విరిగిన పీట తీసుకుని ఆయన దగ్గరికే వెళ్లేది. ఆయన తిట్టుకుంటూనే బాగుచేసి ఇచ్చేవాడు. ఫిర్యాదు కూడా ఆ తగువులో భాగమనే అనుకున్నాడేమో పాపం, ఇంత దూరం వెళుతుందని ఆయనకు మాత్రం ఏం తెలుసు!

రేంజరు గార్డును పిలిచి ఆ కాగితం ముందు పెట్టాడు. "ఎవరయ్యా ఈ ముసలావిడ? నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మీ చుట్టమని ఎవరో అన్నారు."

"దూరపు చుట్టం సార్."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని అతనికే ఆశ్చర్యం వేసింది. రేంజరు తల ఊపి, "అయితే ఇబ్బంది లేదు. ఇంకోసారి నిప్పు పెట్టనని సంతకం తీసుకురా. పెద్ద వయసు కదా, కేసు వద్దులే," అన్నాడు.

కేసు లేకుండా పోయిందని గార్డు తనకు తాను నచ్చజెప్పుకుంటూ పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. రేంజరుతో చెప్పడానికి అతని దగ్గర మాటలు లేక కాదు. ఆ మంట లేకపోతే ఆ కొండ ఏమవుతుందో ఆ ఆఫీసులో అతనొక్కడికే తెలుసు. చెబితే చదువుకున్న గార్డు కాస్తా కొండవాళ్ల పిల్లాడైపోతాడని భయం. అంతే.

పెద్దమ్మ అప్పుడే కొండ దిగి వచ్చి, గుమ్మంలో కూర్చుని కాళ్లు కడుక్కుంటోంది. వడ్రంగి వర్క్‌షాపు పై వాలులో ఇంకా రెండు ముక్కలు మిగిలాయని, రేపు ఎల్లుండిలో అయిపోతాయని చెప్పింది. అతను కాగితం చదివి వినిపించాడు. విన్నంతసేపూ ఆవిడ మడమ రుద్దుకుంటూనే ఉంది.

"నువ్వు గార్డుగా అడుగుతున్నావా, కొడుకుగా అడుగుతున్నావా?"

"గార్డుగానే పెద్దమ్మా."

"అయితే ఇలా తే, పెడతాను. కొడుకుగా అడిగుంటే చెంప పగలగొట్టేదాన్ని."

తడి చేతులు తుడుచుకుని, వంకర టింకరగా, తనకు వచ్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుని సంతకం పెట్టింది. పెట్టాక, "ఆ రెండు ముక్కలూ?" అని అడిగింది.

"ఇంక వద్దు పెద్దమ్మా."

"ఊఁ," అని లేచి లోపలికి వెళ్లిపోయింది. మిగతా మూడు కుటుంబాల ఆడవాళ్లూ ఆవిడ మానేశాక మానేశారు. పెద్దమ్మే ఆగితే తామెందుకు తిట్లు తినాలనుకున్నారు.

రెండేళ్లు ఒక్క సూదీ పడలేదు. గార్డుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అతను దానికి ఫ్రేము కట్టించి తెచ్చాడు. భార్య దాన్ని చేతిలో పట్టుకుని ముందు గదిలో అటూ ఇటూ చూసింది.

"పెద్దత్తయ్య వస్తే ఎదురుగా కనబడుతుందండీ. పడగ్గదిలో పెడదామా?" అంది.

"ఏం, దొంగతనం చేసి తెచ్చానా?" అని విసుక్కుని అతనే మేకు కొట్టి ముందు గదిలో తగిలించాడు. పెద్దమ్మ వచ్చినప్పుడు దాన్ని చూసి, "బాగుందిరా, అద్దం శుభ్రంగా తుడిచారు," అంది.

ఆవిడ నోరు ఊరుకునే నోరు కాదు. మొదట్లో వేళాకోళంగానే చెప్పి చూసింది. "కొండకి జుట్టు పెరిగిపోయిందిరా, మంగలిని మాన్పించేశావు," అనేది. అతను నవ్వేవాడు. మూడో ఏడు వచ్చేసరికి వేళాకోళం పోయింది. గడ్డి నడుం ఎత్తు లేచి ఒకదాని మీద ఒకటి పడి ఎండిపోయింది. దాని సందుల్లో ముళ్ల పొదలు లేచాయి. రాలిన ఆకులో మనిషి పాదం చీలమండ దాకా దిగేది.

ఆ ఏడు పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి రేంజి ఆఫీసుకు వెళ్లింది. రేంజరుతో తానే మాట్లాడదామని. గార్డు ఆ రోజు నెలవారీ రిపోర్టు ఇవ్వడానికి అక్కడికే వచ్చాడు. వరండా మలుపు తిరగబోతూ చూశాడు. గోడ పక్క బల్ల మీద, చివరన, ఉతికిన బట్టలు కట్టుకుని, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. సంచిలోంచి ఎండుగడ్డి కట్ట ఒకటి బయటికి కనబడుతోంది. రేంజరుకు చూపిద్దామని తెచ్చినట్టుంది.

అతను ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే సరిపోయేది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, 'సార్, ఈవిడ నన్ను పెంచిన తల్లి, చెప్పేది కాస్త వినండి' అని ఉంటే సరిపోయేది. 'దూరపు చుట్టం' అన్న మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, రికార్డు గది పక్క తలుపులోంచి బయటపడి, సైకిలెక్కి వచ్చేశాడు.

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఏదైనా ఉంటే అర్జీ రాసి ఇవ్వమని ప్యూన్ పంపించేశాడట. అది గార్డుకు తరవాత తెలిసింది. పెద్దమ్మ మాత్రం వెళ్లినట్టు చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ తరవాత ఆవిడ కొండ ఊసు ఎత్తడం మానేసింది. ఇంటి ముందు కూర్చున్నా కుర్చీ వీధి వైపుకు తిప్పుకుని కూర్చునేది.

సంతకం పెట్టిన ఏడో ఏడు, ఎండలు ముదిరాక, ఒక మిట్టమధ్యాహ్నం, కొండ పక్కన నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరో ఇనప గేటు కోస్తుంటే రవ్వ ఎగిరింది. చిన్న రవ్వే. పెద్దమ్మ రోజుల్లో అయితే అరచేతి మందాన కాలి ఆగిపోయేది.

గార్డు వాచ్‌టవర్ మీద ఉన్నాడు. తెల్లటి పొగ లేవడం చూశాడు. వైర్‌లెస్‌లో చెప్పి మెట్లు దిగేలోపు అది నల్లబడింది. గాలి లేచింది. మంట ముందు పైకి పాకింది, శిఖరం దగ్గర గాలి తిరగ్గానే కిందికి మళ్లింది. అలాంటి చప్పుడు అతను ఎన్నడూ వినలేదు. వరసగా లారీలు ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టుంది. అప్పుడు అతనికి పరుగు మంట అనే మాట గుర్తొచ్చింది. ఆ ఆడవాళ్లు గొంతు ఎందుకు తగ్గించేవారో తెలిసింది.

జీపులో కింది వీధికి వచ్చి, ఇంటింటి తలుపూ బాదుకుంటూ వెళ్లాడు. జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తుతున్నారు. పెద్దమ్మ తలుపుకు తాళం వేసి, తాళం చెవి గుప్పిట్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"వడ్రంగిని లేపావా?" అంది అతన్ని చూడగానే. "ఈ వేళప్పుడు పడుకుంటాడు. ఎడమ చెవి వినబడదు. కుడి పక్కకి తిరిగి పడుకుంటే బాంబు పడ్డా లేవడు."

"ముందు నువ్వు ఎక్కు పెద్దమ్మా."

"నాకు కాళ్లున్నాయిరా! వాణ్ని లేపు పో!"

అతను వినలేదు. ఆవిడను రెక్క పట్టుకుని జీపెక్కించి, రోడ్డు దాటించి, జనంలో దించి, అప్పుడు వెనక్కి పరుగెత్తాడు. మధ్యలో పట్టింది ఏడెనిమిది నిమిషాలు. వీధి చివరకు వెళ్లేసరికి వర్క్‌షాపు ముందు ఆరబెట్టిన చెక్కలు అంటుకుని ఉన్నాయి. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు ముందుకు వెళ్లాడు, రెండుసార్లూ వేడి వెనక్కి నెట్టేసింది. లోపల వార్నిష్ డబ్బాలు ఒకటొకటే పేలుతున్నాయి. "మామా! మామా!" అని అరిచాడు. అంతకు ముందెప్పుడూ ఆయన్ను మామా అని పిలిచింది లేదు. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేశారు.

ఇరవై ఆరు ఇళ్లు కాలిపోయాయి. పెద్దమ్మ ఇల్లూ పోయింది. మనిషి పోయింది వడ్రంగి ఒక్కడే.

ఇళ్లు పోయినవాళ్లను బళ్లో పెట్టారు. పెద్దమ్మకు నాలుగో తరగతి గదిలో, బెంచీల మధ్య చాప వేశారు. మర్నాడు గార్డు వెళ్లేసరికి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని, ఎదురుగా నల్లబల్ల మీద ఎవరో సగం తుడిచి వదిలేసిన లెక్క చూస్తోంది. అతను పక్కన చాప మీద కూర్చున్నాడు.

"నీ ఇంటి చుట్టూ అయినా కాల్చుకోవాల్సింది పెద్దమ్మా. పెరటి వెనక రెండు బారలు. ఎవరు చూసేవారు? నేను మాత్రం ఏమనేవాణ్ని?" అన్నాడు.

ఆవిడ అతని మొహం వైపు వింతగా చూసింది.

"సంతకం పెట్టాను కదరా."

అతనికి ఏడుపు వచ్చింది. పిల్లలు ఆడుకుంటున్నారు, వాళ్లు చూస్తారని తల దించుకున్నాడు.

"వడ్రంగి..." అంది ఆవిడే. "నాతో పోట్లాడ్డానికి ఈ వీధిలో ఒక్కడుండేవాడు. మిగతా వాళ్లంతా 'సరేలే ముసల్ది' అనేవాళ్లే."

"నువ్వు చెప్పినట్టు ముందు ఆయన దగ్గరికే వెళ్లుంటే..."

"ఏమో. ఇద్దరూ పోయేవాళ్లేమో. అది వదిలెయ్యి."

అతను వదల్లేకపోయాడు. ఎలాగూ మొదలుపెట్టాడు గనక, నాలుగేళ్లుగా దాచిపెట్టుకున్నదాన్ని బయటికి తీశాడు.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వు ఆఫీసుకొచ్చి బల్ల మీద కూర్చున్నప్పుడు... నేను చూశాను."

"నేనూ నిన్ను చూశానురా," అంది ఆవిడ.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతనికి కాస్త బావుండేది.

విచారణ జరిగింది. గేటు కోసినవాడి మీద ఇంత, ట్యాంకు కాంట్రాక్టరు మీద ఇంత అని తప్పు పంచి కాగితాలు కట్టేశారు. రేంజరును దూరంగా ఎక్కడికో బదిలీ చేశారు. గడ్డి సంగతి ఏ కాగితంలోనూ లేదు. గార్డును పిలిచి అడిగినప్పుడు ఈసారి చెప్పాడు, తాను తీసుకున్న సంతకంతో సహా అన్నీ చెప్పాడు. రాసుకునే ఆయన కలం ఆపి, "దానికీ దీనికీ సంబంధం లేదులెండి," అన్నాడు.

ఆ మరుసటి ఏడు వచ్చిన ఆఫీసరమ్మ మాత్రం వేరు. ఎక్కడెక్కడో ఇలా చిన్న మంటలతో పెద్ద మంటలు ఆపేవాళ్లున్నారని చదివి వచ్చింది. గార్డు పెద్దమ్మ సంగతి వినగానే కుర్చీలోంచి లేచింది. "ఆవిడ ఉన్నారా ఇంకా? నన్ను తీసుకెళ్లండి. కాదు, ఆవిణ్నే కొండ మీదికి తీసుకురండి, జీపు పంపిస్తాను," అంది.

పెద్దమ్మ అప్పటికి గార్డు ఇంట్లోనే ఉంటోంది. ప్రశంసాపత్రం ఉన్న చోట గోడ మీద మేకు గుర్తు ఒక్కటే మిగిలింది. మోకాళ్లు పట్టేశాయి, పొగ పీల్చినప్పటినుంచీ ఆయాసం. అయినా ఆఫీసరు పిలుస్తోందంటే జుట్టు దువ్వించుకుని బయల్దేరింది.

జీపు దిగి, ఆఫీసరమ్మ ఒక పక్కా గార్డు ఒక పక్కా పట్టుకుంటే పది అడుగులు వేసింది. చేతి వెనక భాగం నేలకు ఆనించింది. కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"నీళ్లున్నాయా?" అంది. గార్డు సీసా ఇచ్చాడు. నేల మీద కాసిని పోసింది. నీళ్లు ఇంకలేదు, పూసల్లా దొర్లి కిందికి జారిపోయాయి.

"ఇటుకలా కాలిందమ్మా మట్టి," అంది ఆఫీసరమ్మతో. "వేళ్లు కూడా పోయాయి. ముందు ముళ్లు లేస్తాయి, గడ్డి కాదు. గడ్డి లేందే నా మంట నడవదు."

"గడ్డి వచ్చాక అమ్మా? ఏ నెలలో, ఏ తేదీల్లో మొదలుపెట్టాలో చెబితే రాసుకుంటాను. ఏ ముక్క ముందు, ఏది తరవాత?"

పెద్దమ్మ కొండ వైపు, నల్లటి మోళ్ల వైపు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"పోయినేడు ఎక్కడ కాల్చానో చూసి ఈ ఏడు ఎక్కడో చెప్పేదాన్ని. మా అమ్మ కాల్చిన చోటు చూసి నేను మొదలుపెట్టాను. ఇప్పుడు దేన్ని చూసి చెప్పమంటావు తల్లీ? ఇది నాకు తెలిసిన కొండ కాదు." ఆఫీసరమ్మ మొహం చిన్నబోవడం చూసి, "నువ్వు ముందే వచ్చుంటే బాగుండేది. నీ తప్పేం లేదులే, అప్పటికి బళ్లో చదువుకుంటున్నావేమో," అని ఆవిడ భుజం తట్టింది.

గార్డు పక్కనే నిలబడి ఉన్నాడు. అతని భుజం మాత్రం తట్టలేదు.

ఆ తరవాత అతను సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని పెద్దమ్మ మంచం పక్కన కూర్చునేవాడు. గాలి ఎలా చూడాలి, రాళ్ల పక్కన ఎలా కాల్చాలి, పొగ ఏ రంగులో ఉంటే ఆపాలి అని అడిగేవాడు. "రాసుకో, రాసుకో. నిప్పుకి చదువు రాదు గానీ," అని నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది. చాలా వాటికి "అక్కడికి వెళ్తే చెబుతాను" అనే జవాబిచ్చేది. ఎక్కడికి వెళ్లగలదు? మిగతా మూడు కుటుంబాల ముసలివాళ్లలో ఇద్దరు పోయారు, ఒకావిడకు మనుషులే గుర్తు లేరు.

ఆ పెద్ద మంట తరవాత రెండో వానాకాలంలో ఆయాసం ఎక్కువై పెద్దమ్మ కన్నుమూసింది. నోటుబుక్కులో పదకొండు పేజీలు నిండాయి.

ఆ వానలకే వడ్రంగి వర్క్‌షాపు పై వాలులో మొదటిసారి గడ్డి పచ్చగా లేచింది. వానలు తగ్గాక ఆఫీసరమ్మ పై ఆఫీసులతో పోట్లాడి అనుమతి తెచ్చింది. గదంత ముక్క ఒక్కటి, నీళ్ల టాంకరు హాజరీలో, అని రాసి ఉంది అందులో. ఎవరు కాలుస్తారన్న చోట గార్డు పేరు రాశారు.

ఆ రోజు అతను తెల్లారకముందే లేచి, తెలతెలవారుతుండగా అక్కడికి వెళ్లి కూర్చున్నాడు. గడ్డి మీద మంచు ఉంది. మంచు ఆరడం మొదలైంది. ఇదే సమయం అనిపించింది. టాంకరు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాడు. బయల్దేరిందన్నారు. అది వచ్చేసరికి పదిన్నర, ఎండ చురుక్కుమంటోంది. గడ్డిపరక తుంచి చెవి దగ్గర విరిచాడు. టాంకరు ఇంజను మోతలో ఏమీ వినబడలేదు. ఇంజను ఆపమని మళ్లీ విరిచాడు. వంగిందా, విరిగిందా? రెండింటికీ మధ్యలో ఉంది. పెద్దమ్మ అయితే ఏమనేదో అతనికి తెలియలేదు. ఆవిడ వెనక నడిచిన రోజుల్లో అతని ధ్యాసంతా తోటి పిల్లలతో కలిసి గోనె నీళ్లలో ముంచి ఒకళ్ల మీద ఒకళ్లు చల్లుకోవడం మీదే ఉండేది.

ఆఫీసరమ్మ, డ్రైవరు, కింది వీధినుంచి వచ్చిన పదిమంది అతని వైపే చూస్తున్నారు. ఇవాళ కాదని చెప్పాల్సింది. చెప్పలేకపోయాడు. పైనుంచి ముట్టించాడు.

మంట కాసేపు బుద్ధిగానే నడిచింది. అతని గుండె కుదుటపడబోతుండగా గాలి ఒక్కసారి పక్కకు తిరిగింది. మంట గడ్డి వదిలి ముళ్ల పొదల్లోకి దూకి ఏడెనిమిది బారలు పరుగెత్తింది. టాంకరు నీళ్లతో కొట్టి ఆర్పారు. గదంత అనుకున్నది నాలుగు గదులంత కాలింది.

"మొదటిసారికి బాగానే వచ్చింది," అంది ఆఫీసరమ్మ. ఆవిడ మంచిది, ధైర్యం చెప్పడానికే అంది. అతను తల ఊపాడు.

అందరూ వెళ్లిపోయాక కూడా అతను అక్కడే ఉండిపోయాడు. వడ్రంగి కూతురు గోనెసంచి ఒకటి తడిపి పట్టుకుని వాలు అడుగున నిలబడి ఉంది. వర్క్‌షాపు గోడల మీద రేకులు వేసుకుని ఆ అమ్మాయే ఇప్పుడు అక్కడ తలుపులు చేస్తోంది. మంట మొదలైనప్పటినుంచీ కదలకుండా అలాగే ఉన్నట్టుంది, సంచి నీళ్లు కారి ఆమె పాదాల దగ్గర మట్టి తడిసిపోయింది.

"అయిపోయిందా గార్డుగారూ?"

"ఈ ఏటికి అయిపోయిందమ్మా."

"సరిగ్గానే కాలిందా?"

కాలిన చోటు వైపు చూశాడు. అక్కడక్కడా పల్చటి పొగ ఇంకా లేస్తోంది. ఆ పొగ రంగు మంచిదో చెడ్డదో నోటుబుక్కులో ఉంది గానీ, ఎంత తేడా ఉంటే మంచిదో ఎంత ఉంటే చెడ్డదో అందులో లేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "చెప్పగలిగిన మనిషి లేదు."

ఆ అమ్మాయి సంచి మళ్లీ తడపడానికి కుళాయి దగ్గరికి నడిచింది.